గాలక్క మొగుడి పడవ

ఒంటి జబ్బులైతే నాకు తెలుసు. జ్వరం, దగ్గు, చేప ముల్లు గుచ్చుకుని చీము పట్టిన వేలు, ఎండకు కళ్ళు తిరిగి పడిపోవడం, ఏది వచ్చినా నా దగ్గర మందుంది. ఈ దీవి మొత్తానికి ఉన్న ఒకే ఒక్క నర్సును నేను. కానీ మా పక్కగది ఐసాయనకు పట్టిన జబ్బుకు మాత్రం నా అల్మరాలోని ఏ సీసా పనికిరాలేదు. ఆయనకు అసూయ. పెళ్ళాం మీద కాదు, పెళ్ళాం గొంతు విన్న ప్రతివాడి మీదా.

ఐసాయన అంటే ఐసు ఫ్యాక్టరీ మెకానిక్కు. పాత యంత్రం మూలపడితే కొత్తది బిగించడానికి కంపెనీ వాళ్ళు ఆయన్ని పంపారు. వానలు మొదలయ్యేలోపు పని ముగించుకుని వెళ్ళిపోవచ్చన్నారట. ఆ మాట నమ్మి భార్యను కూడా వెంటబెట్టుకొచ్చాడు. యంత్రం దిగింది గానీ దాని వాల్వు ఒకటి రాలేదు. తర్వాతి ఓడలో వచ్చింది, కొలత కుదరలేదు. దాన్ని వెనక్కి పంపారు. ఆ పైన ఓడ వచ్చినప్పుడు వాల్వు ఉండదు, వాల్వు సిద్ధంగా ఉన్నప్పుడు ఓడ ఉండదు. వానలు వచ్చాయి, పోయాయి, మళ్ళీ వచ్చే వేళయింది. ఆయన మాత్రం పాత వాల్వుకే అతుకులు వేసి, దాన్ని రోజూ బతిమాలుకుంటూ ఐసు తీస్తూనే ఉన్నాడు. నాలుగు రోజులకని వచ్చిన చుట్టాలు ఇంట్లో మనుషులైపోయినట్టు వాళ్ళిద్దరూ ఈ దీవివాళ్ళైపోయారు.

మనిషి చెడ్డవాడు కాడు. పొడుగ్గా, బక్కగా ఉంటాడు. మెడ ఎప్పుడూ ఒక పక్కకు వంచి ఉంటుంది, యంత్రం ఏమంటుందో వింటున్నట్టు. మిట్టమధ్యాహ్నం చెయ్యి పట్టుకుని చూసినా ఆ వేళ్ళు చల్లగానే ఉంటాయి. సముద్రం అంటే మహా భయం. వచ్చేటప్పుడు ఓడలో దారి పొడవునా వాంతులు చేసుకుని, దిగగానే నేరుగా నా ఆస్పత్రి మంచం మీద వాలాడు. ఆ తర్వాత మోకాలి లోతు నీళ్ళలో కూడా కాలు పెట్టలేదు. సముద్రం మధ్యలో కాపురం ఉంటూ దాని వైపు వీపు తిప్పి బతికిన మనిషిని ఇంకొకరిని చూడలేదు నేను.

మా క్వార్టర్లంటే పొడుగాటి రేకుల షెడ్డు. దాన్ని చెక్క గోడలతో గదులుగా చీల్చారు. ఆ చెక్కల సందుల్లోంచి పక్కగదిలో చెంచా కింద పడ్డా వినిపిస్తుంది. అన్నిటికీ ఉప్పుగాలే. తలుపు బందులు తుప్పు, తాళం తుప్పు, సూది డబ్బాలో సూదులు కూడా తుప్పు. వారం వేసుకోని చెప్పులకు బూజు పడుతుంది. వానాకాలంలో బట్టలు ఆరవు. అందుకని మా వరస వాళ్ళందరం ఉతికిన బట్టలు ఐసు ఫ్యాక్టరీకి మోసుకెళ్ళేవాళ్ళం. ఐసు ఒక పక్క గడ్డకడుతుంటే రెండో పక్క యంత్రం గదిలో పొయ్యి మీద పెట్టినట్టు వేడి. అక్కడ తాళ్ళు కట్టి ఆరేస్తే పూటలో పెళపెళలాడేవి. నా తెల్ల యూనిఫామ్ నుంచి కూడా ఇంజను నూనె వాసన వచ్చేది.

మొదట్లో ఆయన భార్య ఆ పని మహా ఇష్టంగా చేసేది. బట్టలు ఆరేదాకా యంత్రం పక్కన డబ్బా బోర్లించి కూర్చుని కబుర్లు చెప్పేది. ఆయన తల వంచుకుని వినేవాడు. ఆ గొంతు అలాంటిది మరి. పెళ్ళికి ముందు ఆమె బస్టాండులో అనౌన్సరు. ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ బస్టాండు క్యాంటీన్‌లో ఫ్రిజ్ బాగుచెయ్యడానికి వెళ్ళిన ఈ మహానుభావుడు ఆ గొంతు విని, ఎక్కాల్సిన బస్సు వదిలేసుకున్నాడు. ఆ పైన బస్సుతో పని లేకపోయినా వెళ్ళి బెంచీ మీద కూర్చునేవాడట. మనిషిని చూడకముందే గొంతుతో ప్రేమలో పడ్డాడు. ఈ ముక్క ఆయనే నాకు సిగ్గుపడుతూ చెప్పాడు.

అందుకే అంటాను, ఆయన భయం ఊరికే పుట్టలేదు. ఆ గొంతు వింటే మగవాడు ఏమవుతాడో ఆయనకు బాగా తెలుసు.

మా రేవు ఆఫీసులో రేడియో చూసే గుమాస్తా కంటి ఆపరేషన్ కోసం ఓడెక్కి వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా రేడియో దగ్గర కూర్చోమని సూపర్‌వైజరు ఈమెను అడిగాడు. చెప్పుల బూజు తుడిచి తుడిచి విసిగిపోయి ఉందేమో, భర్తను ఒక్క మాటైనా అడక్కుండా సరేనంది. మొదటి చిటపట అక్కడే.

ఆ రేడియో పద్ధతి చెప్పాలి. పొద్దున్నే వేటకు వెళ్ళే ప్రతి పడవా రేడియోలో తన పేరూ, ఎంతమంది వెళ్తున్నారో, ఎటు వెళ్తున్నారో చెప్పాలి. ఆఫీసు వాళ్ళు గాలీ అలలూ ఎలా ఉన్నాయో చెప్పి పంపుతారు. సాయంత్రం తిరిగొచ్చాక ప్రతి పడవా వచ్చేశామని చెప్పాలి. ఆఫీసు కప్పు మీద స్తంభానికి ఒక ఎర్ర దీపం ఉంది. వెళ్తున్నామన్న పడవలన్నీ వచ్చేశామనేదాకా అది వెలుగుతూనే ఉంటుంది. అది ఆరేదాకా రేవులోంచి ఒక్క మగవాడు ఇంటికి కదలకూడదు, ఎవరినైనా వెతకాల్సి వస్తే మనుషులు కావాలి కదా. ఇళ్ళన్నిటిలోనూ చిన్న సెట్లు ఉంటాయి. ఆడవాళ్ళు వంట చేస్తూ వింటుంటారు. రేవులోకి ఏ పడవ వచ్చిందో విని ఐసు కొట్టిపెట్టాలి కాబట్టి ఐసు ఫ్యాక్టరీలో మాట్లాడే సెట్టే ఒకటి ఉంది. నా ఆస్పత్రిలోనూ ఉంది. నా గదిలో వినే సెట్టు.

పాత గుమాస్తా గాలి సంగతి చెప్తుంటే ఎవరికో శిక్ష చదువుతున్నట్టుండేది. ఈమె కూర్చున్నాక ఆ పొద్దుల రంగే మారిపోయింది. "పెద్దమ్మ పడవా, మీ నాన్నకు దగ్గు తగ్గిందా? గాలి పడమట నుంచి, మెల్లగానే ఉంది. జాగ్రత్తగా వెళ్ళి రండి." అంతే మాటలు. కానీ ఆ 'జాగ్రత్తగా వెళ్ళి రండి' అనడం ఎలా ఉండేదంటే, సముద్రమే మెత్తబడిందేమో అనిపించేది. వారం తిరక్కుండా ఆమెకు గాలక్క అని పేరు పెట్టేశారు. అందరూ అక్కా అనే పిలిచారు, ముసలాళ్ళతో సహా. అక్కా అని పిలిచేవాళ్ళ మీద కూడా అనుమానమేమిటయ్యా అని నేను ఐసాయన్ని కోప్పడ్డాను.

ఒక్క పచ్చ పడవాయన మాత్రం అక్కా అనలేదు. మేడమ్ అన్నాడు.

పచ్చ పడవాయన నడివయసు మనిషి, భార్య పోయింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వేటకు వెళ్తాడు. రేడియోలో గాలి ఎటుందో ఒకసారి చెప్పించుకుని, సరిగా వినపడలేదని మళ్ళీ చెప్పించుకునేవాడు. ఆయన చెవులు నేను చూశాను. చీమ నడిచినా వినపడే చెవులవి. ఒకసారి మంచి చేపను ఆకులో చుట్టి మేడమ్‌కి ఇవ్వమని గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. ఆమె వండింది. ఐసాయన తనకు ముళ్ళు పడవని కంచం పక్కకు జరిపాడు. ఆ గిన్నె నా గదికి వచ్చింది. ముల్లనేది లేని చేప అది. నేను తృప్తిగా తిన్నాను.

ఆ మర్నాటి నుంచి పచ్చ పడవకు పగిలిన ఐసు దిమ్మలే వెళ్ళసాగాయి. మంచివి ముందు మిగతావాళ్ళకు వెళ్ళిపోయేవి. పచ్చ పడవ వచ్చేసరికి అంచులు విరిగినవీ, మధ్యలో బీటలు వారినవీ మిగిలేవి. ఐసాయన కసి అంతటితో సరి. మనిషిని కొట్టలేడు, తిట్టలేడు, పగిలిన దిమ్మ ఇస్తాడు. పచ్చ పడవాయన ఒక్కసారి కూడా ఇదేమిటని అడగలేదు.

గాలక్కకు ఇదేమీ తెలియదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయి నా దగ్గరకొచ్చేది. ఉప్పునీళ్ళు పుక్కిలించమనీ, ఇంటికెళ్ళాక గొంతుకు విశ్రాంతి ఇవ్వమనీ చెప్పాను. మంచి సలహా. ఇప్పుడు వచ్చినా అదే చెప్తాను. ఆమె తూచా తప్పకుండా పాటించింది. ఇంటికొచ్చాక తలతోనే అవుననీ కాదనీ చెప్పేది. కూర కావాలా అని గరిటెతో అడిగేది. ఐసాయనకు ఒళ్ళు మండింది. ఊరందరికీ పంచిపెట్టి తనకు మాత్రం ఖాళీ గిన్నె తెస్తోందనుకున్నాడు. నువ్వు మాట్లాడకపోతే నాకేం గొడవ అన్నట్టు ఆయనా నోరు కట్టేసుకున్నాడు. ఆమెది గొంతునొప్పి, ఈయనది పంతం. బయటి నుంచి వినేవాళ్ళకు రెండూ ఒకటే. గోడవతల నాకు చెంచాలు, గ్లాసులు, బల్లి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆరేసే బట్టలు కూడా ఆమె నా చేతికే ఇచ్చి పంపేది.

ఒకరోజు ఆయన తన బాధ నా దగ్గర వెళ్ళబోసుకున్నాడు. వేలికి ఏదో గీసుకుందని వచ్చాడు. గీత కనిపించాలంటే భూతద్దం కావాలి. కట్టు కడుతుంటే మెల్లగా అన్నాడు.

"నేను పనికి బయల్దేరితే గుమ్మం దాకా వచ్చి జాగ్రత్తగా వెళ్ళి రండి అనేది నర్సమ్మగారూ. పెళ్ళయిన నాటి నుంచీ ఏ రోజూ మానలేదు. ఇప్పుడు నాకంటే ముందే వెళ్ళిపోయి అదే మాట ఊళ్ళో వాళ్ళందరికీ చెప్తోంది."

మీరు వెళ్ళేది పక్క వీధికి, వాళ్ళు వెళ్ళేది సముద్రం మీదికి అన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని లేచిపోయాడు. నిజం చెప్తున్నా, ఆయన వెళ్ళాక నాకు జాలి కలగలేదు. కుళ్ళు పుట్టింది. నాకూ ఒకప్పుడు సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు, నేనూ అడగనివ్వలేదు. నా గొంతు ఎవరెవరు వింటున్నారని బెంగపడి, లేని గాయానికి కట్టు కట్టించుకునే మనిషి నా బతుకులో లేడు. గాలక్కకు ఉన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలియను కూడా తెలియదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ పొద్దు వచ్చింది. ఆకాశం బాగానే ఉంది గానీ ఆకులు తిరగబడి కదులుతున్నాయి. నేను పళ్ళు తోముకుంటూ రేడియో వింటున్నాను. పడవలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పేర్లు చెప్పాయి. పచ్చ పడవ ఎప్పట్లాగే గాలి రెండుసార్లు చెప్పించుకుంది. అంతా అయిపోయిందనుకున్నాక ఒక గొంతు వచ్చింది. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుంది.

కొత్త పడవ అట. గాలక్క ఎంతమందని అడిగింది. ఒక్కడినే అన్నాడు. ఎటు వైపు అంది. ఆ మనిషి కాసేపు తడుముకుని, ఎండ వచ్చే వైపు అన్నాడు. అటంతా బండలు. తెలిసినవాడెవడూ అటు పోడు. కానీ పక్క దీవుల పడవలు అప్పుడప్పుడూ ఇటు వస్తుంటాయి, వాళ్ళకు తెలియకపోవచ్చు. గాలక్క గొంతులో కంగారు నాకే తెలిసింది.

"ఒక్కరే వెళ్తున్నారా? మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందండీ. బండల దగ్గరికి పోకండి, తొందరగా తిరిగొచ్చెయ్యండి. జాగ్రత్తగా వెళ్ళి రండి."

మామూలుగా అందరికీ చెప్పేదానికంటే కాస్త ఎక్కువే చెప్పింది. ఒంటరివాడని.

ఆ కొత్త పడవ ఐసు ఫ్యాక్టరీలో, యంత్రం పక్కన, బోర్లించిన డబ్బా మీద ఉంది. మూతికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడట మహానుభావుడు. ఆ మాట విన్నాక ఆ రోజంతా నేల మీద నడవలేదట. దిమ్మలు తీసే మనుషుల మీద అరవలేదు, పచ్చ పడవ కోసం పగిలిన దిమ్మలు వెతకలేదు. సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చి కూర తరిగి వంట కూడా మొదలుపెట్టాడు. గోడవతల నుంచి కూనిరాగం వినిపిస్తే నేనే ఆశ్చర్యపోయాను.

సముద్రం మీద వేటకు ఎన్నడూ వెళ్ళని మనిషికి వెళ్తున్నానన్నవాడు వచ్చేశానని చెప్పాలన్న సంగతి ఎక్కడ గుర్తుంటుంది? ఆయనకు కావలసింది వెళ్ళి రమ్మనే మాట. ఆ మాట అందింది. వచ్చేశామనే రెండో మాట ఆయన బుర్రలోకే రాలేదు.

పొద్దు వాలింది. గాలి ఊపందుకుంది. రేకులు దడదడలాడుతున్నాయి. పడవలన్నీ వచ్చేశామని చెప్పాయి. ఎర్ర దీపం మాత్రం ఆరలేదు. రేడియోలో గాలక్క పిలుస్తూనే ఉంది. కొత్త పడవా, కొత్త పడవా, వినిపిస్తోందా? కాస్త ఆగి మళ్ళీ అదే. పిలిచిన కొద్దీ ఆమె గొంతు పలచబడిపోతోంది. అలా ఆమె ఇంకెప్పుడూ మాట్లాడటం నేను వినలేదు.

ఐసాయన గరిటె పట్టుకునే నా గుమ్మంలోకి వచ్చాడు. వాళ్ళ గదిలో సెట్టు ఎప్పుడో కట్టేశాడు, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు అది మోగకూడదని నియమం. ఆమె ఇంకా రాలేదేమిటని అడిగాడు. కొత్త పడవ ఒకటి పొద్దున ఎండ వచ్చే వైపు వెళ్ళి తిరిగి రాలేదనీ, ఒక్కడే ఉన్నాడనీ, ఏమయ్యాడో పాపమనీ చెప్పాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వెయ్యబోయాను. గరిటె నా చేతిలో పెట్టి పరుగెత్తాడు.

కాసేపటికి రేడియోలో ఆ గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతే వచ్చింది. కొత్త పడవ, వచ్చేశాను అని. గాలక్క నిట్టూర్పు దీవి మొత్తానికి వినపడింది. ఎక్కడున్నారని అడిగింది. రేవులో అన్నాడు.

అబద్ధమాడేవాడు ఆలోచించాలి. దీపం ఆరలేదు కాబట్టి మగవాళ్ళందరూ రేవులోనే ఉన్నారు. పచ్చ పడవాయన సెట్టు అందుకుని, తాను రేవులోనే నిలబడి ఉన్నాననీ, ఇక్కడ కొత్త పడవేదీ లేదనీ చెప్పాడు. గాలక్క దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. బండలకు కొట్టుకుని తల తిరిగి, ఎక్కడున్నాడో కూడా తెలియని స్థితిలో ఉన్నాడనుకుంది. చుట్టూ ఏం కనిపిస్తోందో చెప్పమని, భయపడొద్దని, చంటిపిల్లాణ్ణి బుజ్జగించినట్టు అడగసాగింది. కొత్త పడవ ఉలకలేదు, పలకలేదు.

అప్పుడు పచ్చ పడవాయన ఇక ఆగడం కుదరదన్నాడు. ఎండ వచ్చే వైపు బండల దగ్గరికి తానూ తమ్ముడూ వెళ్తున్నామన్నాడు. అలలు రేవు గోడ దాటుతున్నాయని ఎవరో వెనక నుంచి అరవడం నాకు వినిపించింది. గాలి చాలా ఎక్కువగా ఉందని గాలక్క అంది. తెలుసన్నాడు ఆయన.

"జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది. ఆ గొంతు వణికింది.

ఆ వణుకు ఐసు ఫ్యాక్టరీలో ఐసాయన విన్నాడు. ఆ తర్వాత ఏమైందో ఆయన చాలా రోజులకు నాకు చెప్పాడు. తల వంచుకుని, కింద నేలను చూస్తూ చెప్పాడు.

"నాకోసం ఎప్పుడైనా అలా వణికిందా అనిపించింది. పోతే పోనీ వాడు, అనుకున్నాను నర్సమ్మగారూ. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను."

నర్సు పనిలో చాలా చూస్తాం. మనిషి లోపల ఉన్న చీము బయటికొస్తే తుడుస్తాం గానీ ఛీ అనం.

ఆ ఒక్క క్షణం దాటాక ఆయన చేతిరుమాలు పక్కన పడేసి సెట్టు మీట నొక్కాడు. పచ్చ పడవను ఆగమన్నాడు. కొత్త పడవ అంటూ ఏదీ లేదన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారని గాలక్క అడిగింది.

"నేనే. ఐసు ఫ్యాక్టరీ."

"ఐసు ఫ్యాక్టరీ నుంచి ఎవరండీ?"

"నీ మొగుణ్ణి."

మా వరసలో వంటిళ్ళన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయాయి. పక్క వీధిలో ఎవరో మూకుడు దింపిన చప్పుడు కూడా వినిపించింది. ఎవరో సెట్టు శబ్దం పెంచారు. నేనూ పెంచాను, దాచడమెందుకు.

పొద్దున మాట్లాడిందీ మీరేనా అని ఆమె అడిగింది. నేనే అన్నాడు. ఎందుకు అంది. ఆ ఒక్క ముక్క చాలా మెల్లగా అంది. ఆయన ఊరు ఊరంతా వింటోందని మరిచిపోయాడో, వింటే విననీ అనుకున్నాడో, ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నువ్వు అందరికీ జాగ్రత్తగా వెళ్ళి రమ్మని చెప్తావు. నాకు చెప్పడం మానేశావు. నాకూ ఒక్కసారి చెప్తావేమోనని."

అక్కడితో ఆపితే బాగుండేది. తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకుని ఊరుకుంటే వాడు మొగుడెలా అవుతాడు? దెప్పిపొడుస్తూ ఇంకో మాట కూడా కలిపాడు.

"నా గొంతు కూడా గుర్తుపట్టలేదు నువ్వు."

రేడియోలో బరబర తప్ప ఏమీ లేదు. ఆమె ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు. జవాబు వచ్చేసరికి ఆ గొంతు బస్టాండు మైకులో ఎలా ఉండేదో అలా స్పష్టంగా, ప్రతి ముక్కా విడివిడిగా ఉంది.

"ఎలా గుర్తుపడతాను? ఇంట్లో మీరు నోరు విప్పి ఎన్నాళ్ళయింది? మీ గొంతు ఎలా ఉంటుందో నేను మర్చిపోయాను."

నా చేతిలో ఆయన గరిటె ఇంకా అలాగే ఉంది. ఇన్నాళ్ళూ గోడవతల వినిపించని గొంతు ఆమెదే అనుకున్నాను నేను కూడా. అక్కడ మాట్లాడనివాళ్ళు ఇద్దరున్నారు. ఒకరికి నొప్పి అని నాకు తెలుసు, రెండోవాడికి ఏ నొప్పీ లేదని కూడా తెలుసు. అయినా ఆయన మౌనం నా చెవికి ఆనలేదు.

పచ్చ పడవ వెళ్ళనక్కర్లేదనీ, అందరూ వచ్చేశారనీ గాలక్క చెప్పింది. ఎర్ర దీపం ఆరింది.

ఐసాయన నేరుగా రేవుకు వెళ్ళాడు. తడిసి, ఆకలితో నకనకలాడుతున్న మగవాళ్ళంతా అక్కడ నిలబడి ఉన్నారు. వాళ్ళలో కొందరు తిట్టారు. కొందరు నవ్వు ఆపుకోలేక ముఖాలు తిప్పుకున్నారు. కొత్త పడవ వచ్చిందిరోయ్ అని ఎవరో అన్నారు. పచ్చ పడవాయన మాత్రం విప్పిన తాడు మళ్ళీ కట్టుకుంటూ తల ఎత్తకుండా ఒకే మాటన్నాడట. రేపటి నుంచి పగలని దిమ్మ ఇవ్వు అని. ఐసాయనకు తల కొట్టేసినట్టయింది. సరేనని మాత్రం అనగలిగాడు.

తర్వాత ఆఫీసుకు వెళ్ళి, గుమ్మం బయట గాలిలో నిలబడ్డాడు. ఆమె తాళం వేసుకుని వచ్చింది. ఇద్దరూ మా వీధిలోకి మలుపు తిరిగేసరికే పోట్లాట మొదలైంది. అబ్బ, ఏం పోట్లాట. మనుషుల ప్రాణాలతో ఆటలా అని ఆమె. నాకు ప్రాణం లేదా అని ఆయన. గొంతునొప్పి అంటే ఏమిటో తెలుసా అని ఆమె. చెప్తే కదా తెలిసేది అని ఆయన. మాడిపోయిన కూర ఎవరు తింటారని ఆమె. ఒకరి మాట మీద ఒకరి మాట పడుతూ, గోడ చెక్కలు అదిరేలా, ఇద్దరి గొంతులూ పోటీపడ్డాయి. ఉప్పునీళ్ళ వైద్యం అంతా గంగలో కలిసింది. నేను నా గదిలో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. ఇంత గట్టిగా తిట్టడానికి ఒక మనిషి ఉండటం ఎంత అదృష్టమో ఆ ఇద్దరికీ తెలియదనుకుంటే కడుపు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎప్పట్లాగే ముందు బయల్దేరింది. వాళ్ళ తలుపు కిర్రుమంది. ఆ వెనకే ఇంకో అడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. ఐసాయన మెడ ఒక పక్కకు వంచుకుని, రాత్రి అరుపులకు బొంగురుపోయిన గొంతుతో, జాగ్రత్తగా వెళ్ళి రా అన్నాడు. ఆఫీసు పక్క వీధిలోనే ఉంది. ఆమె నవ్విందో లేదో నాకు కనిపించలేదు. వస్తానండీ అనడం మాత్రం వినిపించింది. అప్పటి నుంచి వాళ్ళున్నన్నాళ్ళూ ఆ మాట ఆయన మానలేదు. తడి బట్టల మూట కూడా మళ్ళీ ఆమే మోసుకెళ్ళింది.

అలాగని ఆయన జబ్బు నయమైందని అనుకోకండి. పచ్చ పడవకు మంచి దిమ్మలే ఇచ్చాడు గానీ, ఆయన మేడమ్ అన్నప్పుడల్లా ఐసు ఫ్యాక్టరీలో సుత్తి దెబ్బ గట్టిగా పడేది. కొన్ని జబ్బులు ఒంట్లో ఉండిపోతాయి, మనిషి వాటితోనే బతుకుతాడు.

చివరికి వాల్వు వచ్చింది. కొలత కుదిరింది. కళ్ళు బాగై గుమాస్తా కూడా తిరిగొచ్చాడు. వాళ్ళు వెళ్ళే రోజున ఓడ రేవు దాకా రాలేక దూరంగా ఆగింది. అక్కడిదాకా చిన్న పడవలో పోవాలి. ఖాళీగా ఉన్నది పచ్చ పడవే. ఐసాయనకు వాంతి మాత్ర ఇచ్చి పంపాను. సామాన్లు మోసి సాయం చేశాను. గాలక్క నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆస్పత్రి వేళయిందని అక్కడ నిలబడకుండా గదికి వచ్చేశాను.

రేడియో పెట్టి ఉంది. గుమాస్తా మళ్ళీ శిక్ష చదివే గొంతుతో పచ్చ పడవను అడిగాడు, ప్రయాణికులు ఎంతమంది అని. జవాబు పచ్చ పడవాయన చెప్పాలి. కానీ సెట్టు ఎవరో లాక్కున్న చప్పుడైంది. అలల మోతలో, వాంతి ఆపుకుంటున్న గొంతుతో, మూతికి ఏ గుడ్డా అడ్డం లేకుండా ఐసాయన చెప్పాడు.

"ఇద్దరం."

గుమాస్తా గాలి ఎటుందో చెప్పి ఊరుకున్నాడు. నేను సెట్టు కట్టేసి, ఆస్పత్రి తాళాలు తీసుకుని బయటికొచ్చాను. తలుపు వేస్తూ ఎందుకో ఒక్క నిమిషం ఆగాను. లోపలి నుంచి ఎవరూ ఏమీ అనలేదు. తాళం వేసుకుని వెళ్ళిపోయాను.